ఊళ్లు కలిశాయి.. ప్లాన్లు కలవలేదు!

* బెంగళూరు, హోసూరుల మధ్య కరిగిపోతున్న పొలాలు
* ఒకటే ఏరు, ఒకటే ఏనుగుల బాట.. పటాలు మాత్రం రెండు
* మిగిలిన నేలకైనా ఉమ్మడి ప్రణాళిక ఉండాలి

హోసూరు: బెంగళూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణానికి వచ్చేవారికి ఆ నగరం ఎక్కడ అయిపోయిందో తెలియదు. సిల్క్‌బోర్డు, ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మసంద్ర, చందాపుర, అత్తిబెలె.. ఒకదాని తోక పట్టుకుని ఒకటి వస్తూనే ఉంటాయి. అత్తిబెలె దాటగానే బోర్డుల మీద అక్షరాలు కన్నడం నుంచి తమిళానికి మారతాయి. అది జూజువాడి. తమిళనాడు మొదలైందన్నమాట. రోడ్డు పక్కన షెడ్లు, లారీలు, అద్దె ఇళ్ల మేడలు మాత్రం మారవు. ఇంకాస్త ముందుకెళ్తే హోసూరు బస్టాండు. బెంగళూరు నడిబొడ్డు నుంచి ఇక్కడికి మొత్తం 40 కిలోమీటర్లే.

తెలుగువాళ్లకు ఈ దారి కొత్త కాదు. ఇటు హోసూరు, బాగలూరు, బేరికె, శూళగిరి, డెంకణికోట, తళి. అటు ఆనేకల్, సర్జాపుర, మాలూరు. రెండు వైపులా తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. పిల్లనిచ్చేటప్పుడు, తెచ్చుకునేటప్పుడు ఇక్కడ ఎవరూ రాష్ట్రం చూడరు. కృష్ణగిరి ఎంపీ కె.గోపీనాథ్ 2024 జూన్‌లో లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేస్తే చెన్నైలో వింతగా అనిపించి ఉండొచ్చు. హోసూరులో మాత్రం అది ఇంటి మాటే.

ఇప్పుడీ రెండు ఊళ్ల మధ్య ఓ పెద్ద ప్రశ్న నిలబడి ఉంది. హద్దుకు అటూ ఇటూ ఇంకా కట్టడాలు రాని నేల మిగిలి ఉంది. రాగి చేలు, కూరగాయ తోటలు, గులాబీ షెడ్లు, చెరువులు, అడవి అంచులు. వచ్చే ఇరవై ఏళ్లలో అదంతా ఏమవుతుంది? ఆ లెక్క ఎవరు వేస్తున్నారు? బెంగళూరు లెక్క బెంగళూరు వేస్తోంది. హోసూరు లెక్క హోసూరు వేస్తోంది. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని వేసిన లెక్క మాత్రం లేదు.

రాగి చేల నుంచి ఫ్యాక్టరీల దాకా

హోసూరు దశ తిరిగింది 1970ల్లో. తమిళనాడు ప్రభుత్వం 1971లో పెట్టిన పారిశ్రామిక సంస్థ సిప్‌కాట్ ఇక్కడ ఎస్టేటు వేసింది. 1980 ప్రాంతంలో టీవీఎస్ మోపెడ్లు, అశోక్ లేలాండ్ లారీలు, ఆ దశాబ్దంలోనే టైటాన్ గడియారాలు ఇక్కడి నుంచి బయటికొచ్చాయి. ఫ్యాక్టరీలు తమిళనాడువే అయినా, వాటికి ఊపిరి బెంగళూరు మార్కెట్టు, బెంగళూరు విమానాశ్రయం. అటువైపు కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ 1970ల చివర్లో ఎలక్ట్రానిక్ సిటీకి పునాది వేసింది. తర్వాత బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె పారిశ్రామికవాడలు లేచాయి. రెండు రాష్ట్రాలూ ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా పెరుగుతూ వచ్చాయి.

2010లో సిల్క్‌బోర్డు నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి ఎలివేటెడ్ రోడ్డు తెరిచాక దూరం ఇంకా తగ్గింది. బెంగళూరులో ఉద్యోగం, హోసూరులో అద్దె ఇల్లు అన్న పద్ధతి మామూలైంది. హోసూరులో ఉద్యోగం, బెంగళూరులో ఇల్లు అన్నవాళ్లూ ఉన్నారు. 2011 జనగణనలో 1,16,821 మంది ఉన్న హోసూరు మున్సిపాలిటీ చుట్టుపక్కల ప్రాంతాలను కలుపుకొని 2019లో నగరపాలక సంస్థ అయింది. ఈమధ్య కాలంలో విద్యుత్ స్కూటర్లు, సెల్‌ఫోన్ల విడిభాగాల ఫ్యాక్టరీలు కృష్ణగిరి జిల్లాకు క్యూ కట్టాయి. ఒక్కో ఫ్యాక్టరీతో పాటు వేల మంది కార్మికులు. వాళ్లకు హాస్టళ్లు, బస్సులు, నీళ్లు, మురుగుకాల్వలు. అన్నింటికీ కావాల్సింది నేల.

హద్దు దగ్గర ఆగిపోయే రంగులు

పట్టణ ప్రణాళిక అంటే తేలిక మాటల్లో రంగులేసిన పటం. ఇళ్లకు పసుపు, ఫ్యాక్టరీలకు ఊదా, వ్యవసాయానికి ఆకుపచ్చ. ఏ సర్వే నంబరు ఏ రంగులో పడిందన్న దాన్ని బట్టే ఆ భూమి ధర, భవిష్యత్తు. రైతుకు అది జాతకం లాంటిది.

కర్ణాటక వైపు ఆ పటం 1961 పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం కింద తయారవుతుంది. నగరానికి బీడీఏ ప్లాన్లు వేస్తూ వచ్చింది. ఆనేకల్‌కు స్థానిక ప్రణాళికా ప్రాధికారం, వీటన్నింటి మధ్య సమన్వయానికి 1985 చట్టంతో ఏర్పడిన బెంగళూరు మహానగర ప్రాంతాభివృద్ధి ప్రాధికారం (బీఎంఆర్‌డీఏ) ఉన్నాయి. తమిళనాడు వైపు 1971 చట్టం. హోసూరుకు కొత్త పట్టణాభివృద్ధి ప్రాధికారం ఉంది. అది 2046ను లక్ష్యంగా పెట్టుకుని మాస్టర్ ప్లాన్ ముసాయిదా చేపట్టింది. బెంగళూరుది వేరే కథ. 2015 లక్ష్యంగా చేసిన ప్లాన్ 2007లో ఆమోదం పొందింది. 2031 కోసం 2017లో తెచ్చిన ముసాయిదా గట్టెక్కలేదు. తర్వాత 2041 మాట మొదలైంది.

అంటే ఒక ఊరు 2046 వైపు చూస్తోంది. పక్క ఊరు పాత ప్లాన్ గడువు దాటిపోయాక కూడా దాని మీదే నెట్టుకొస్తోంది. ఏ పటం చూసినా రంగులు రాష్ట్ర సరిహద్దు గీత దాకా వచ్చి ఠక్కున ఆగిపోతాయి. గీతకు అవతల ఏముందో ఆ పటానికి పట్టదు. ఇటు పటంలో ఇళ్లకు పసుపు వేసిన చోట, గీతకు అవతల పటంలో కాలుష్య పరిశ్రమకు ఊదా పడినా అడిగే నాథుడు లేడు. అటు చెరువుకు నీళ్లొచ్చే వాగు మీద ఇటు లేఅవుటు పడినా అంతే.

పైగా ఈ పటాలకు కూడా లొంగని సంస్థలు రెండు వైపులా ఉన్నాయి. కర్ణాటకలో పరిశ్రమల భూములు చూసే కేఐఏడీబీకి 1966 నాటి సొంత చట్టం ఉంది. తమిళనాడులో పరిశ్రమలకు భూసేకరణ కోసం 1997 చట్టం ఉంది. పటంలో ఆకుపచ్చగా ఉన్న పొలానికి రేపు నోటిఫికేషన్ రాదన్న భరోసా ఇక్కడి రైతుకు లేదు.

ఏటికి ఎల్ల తెలుసా?

ఈ గీత ఎంత కృత్రిమమో నీళ్లను చూస్తే తెలుస్తుంది. నంది కొండల ప్రాంతంలో రెండు పినాకినులు పుడతాయి. ఉత్తర పినాకిని పెన్నగా అనంతపురం, కడప మీదుగా నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. దక్షిణ పినాకిని బెంగళూరు తూర్పు అంచు మీదుగా తమిళనాడులోకి వచ్చి తెన్‌పెణ్ణై అవుతుంది. హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయం, తర్వాత కృష్ణగిరి జలాశయం, ఇంకా కింద సాత్తనూరు.. అన్నీ దీని మీదవే.

బెంగళూరులో బెళ్లందూరు, వర్తూరు చెరువులు ఈ ఏటి పరీవాహకంలోనివే. బెళ్లందూరు చెరువులో నురగ లేచి రోడ్ల మీదికి రావడం, 2015లో, మళ్లీ 2017, 2018ల్లో అక్కడ మంటలు లేవడం దేశమంతా చూసింది. ఆ చెరువులు నిండి పొర్లితే నీళ్లు వచ్చేది ఇటే. వానాకాలం కెలవరపల్లి గేట్లు ఎత్తినప్పుడల్లా తెల్లటి నురగ కొండల్లా పేరుకుంటుంది. ఒక్కోసారి దారులు మూసేస్తుంది. ఆ నీళ్లతోనే కింద పంటలు పండించుకోవాలి.

ఇంకో విచిత్రం ఉంది. రెండు ఊళ్లూ తాగేది కావేరి నీళ్లే. బెంగళూరుకు అయిదో దశ కావేరి పథకం 2024 అక్టోబరులో మొదలైంది. రోజుకు 775 మిలియన్ లీటర్లు. హోసూరుకు హొగెనకల్ పథకం 2013 నుంచి అందుతోంది. అదీ కావేరే. అక్కడి నుంచి తెచ్చుకున్న నీళ్లు వాడుకుని, మురుగులో చాలా భాగాన్ని దక్షిణ పినాకిని వైపు వదలడం రెండు ఊళ్లకూ అలవాటే. ఆ ఏటి నీళ్ల పంపకం మీద తమిళనాడు 2018లో సుప్రీంకోర్టుకెక్కింది. నీళ్ల వాటా గురించి కోర్టులో కొట్లాడుకుంటున్న రాష్ట్రాలు, ఆ నీళ్లు పాడుచేసే లేఅవుట్లు ఎక్కడ రావాలో ఎక్కడ రాకూడదో మాత్రం కలిసి మాట్లాడుకోవడం లేదు.

తెలుగులో చెరువు, కన్నడంలో కెరె, తమిళంలో ఏరి. పేర్లు మూడైనా గొలుసు ఒకటే. పై చెరువు అలుగు పారితేనే కింది చెరువుకు నీళ్లు. పై చెరువు కాల్వను పూడ్చి సైట్లు వేస్తే కింది ఊరి బోర్లు ఎండుతాయి. గొలుసులో పై చెరువు ఒక రాష్ట్రంలో, కింది చెరువు ఇంకో రాష్ట్రంలో ఉంటే ఆ కాల్వకు కాపలా ఎవరు?

గజరాజు బాటలో గోడలు

పడమటి పక్క అడవిదీ ఇదే కథ. బెంగళూరు పొలిమేరలోని బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానం నుంచి ఏనుగులు తళి, జవళగిరి, డెంకణికోట అడవుల మీదుగా కావేరి ఒడ్డు దాకా తిరుగుతాయి. రాగి కోతల కాలంలో మందలు హోసూరు దగ్గరి సానమావు అడవి దాకా వస్తాయి. పంట పోగొట్టుకున్న రైతులున్నారు. ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి.

తమిళనాడు ఇక్కడ 2014లో కావేరి ఉత్తర అభయారణ్యాన్ని, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యాన్ని ప్రకటించింది. అవతల బన్నేరుఘట్ట చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతం విస్తీర్ణాన్ని 2016 ముసాయిదాలో 268.96 చదరపు కిలోమీటర్లుగా చూపి, 2020లో తుది నోటిఫికేషన్ నాటికి 168.84కు తగ్గించారు. ఒకవైపు అడవికి రక్షణ పెరిగింది. రెండో వైపు అడవి అంచున రియల్ ఎస్టేట్‌కు దారి వదిలారు. ఏనుగుకు మాత్రం రెండూ ఒకే అడవి. అటు దారి మూసుకుపోతే ఇటు పొలాల్లో పడుతుంది. బన్నేరుఘట్ట అంచున ఒక లేఅవుటు గోడ లేస్తే దాని ఖరీదు తళి రైతు కట్టాల్సి వస్తోంది.

రెండు విమానాశ్రయాలు, రెండు కరెంట్లు

కలిసి కూర్చోకపోతే ఏమవుతుందో చెప్పడానికి తాజా ఉదాహరణ విమానాశ్రయం. హోసూరులో 2,000 ఎకరాల్లో, ఏటా 3 కోట్ల మంది ప్రయాణికులకు సరిపడా అంతర్జాతీయ విమానాశ్రయం కడతామని తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ 2024 జూన్ 27న అసెంబ్లీలో ప్రకటించారు. కర్ణాటక తన రెండో విమానాశ్రయానికి స్థలాలు వెతికింది. కనకపుర రోడ్డులో రెండు, నెలమంగల–కుణిగల్ రోడ్డులో ఒకటి ఎంచింది. 2025 ఏప్రిల్‌లో కేంద్ర విమానాశ్రయాల సంస్థ బృందం వచ్చి వాటిని చూసి వెళ్లింది. కనకపుర రోడ్డు స్థలాలు, హోసూరు రెండూ బెంగళూరుకు దక్షిణానే ఉన్నాయి.

దీనికో మెలిక ఉంది. దేవనహళ్లి విమానాశ్రయం కట్టిన సంస్థతో కేంద్రం చేసుకున్న ఒప్పందం ప్రకారం మైసూరు, హాసన్ మినహా 150 కిలోమీటర్ల లోపు 2033 దాకా కొత్త విమానాశ్రయం రాకూడదు. అంటే రెండు రాష్ట్రాలకూ గడువు ఒకటే. వాడుకునే జనం చాలావరకు ఒకరే. అయినా భూములు మాత్రం విడివిడిగా వెతుకుతున్నారు. రెండు చోట్లా రైతులు ‘మా ఊరు వస్తుందా, పోతుందా’ అని ఎదురుచూస్తున్నారు. ఇలా పేరు వినపడితే చాలు, దళారుల కార్లు పొలం గట్ల మీద వాలతాయి.

మెట్రో కథా అంతే. ఆర్‌వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19.15 కిలోమీటర్ల పసుపు మార్గం 2025 ఆగస్టు 10న ప్రారంభమైంది. బొమ్మసంద్ర నుంచి హోసూరుకు పొడిగించే విషయమై చెన్నై మెట్రో సంస్థ సాధ్యాసాధ్యాల అధ్యయనం చేయించింది. ఇక్కడ చిన్న సంగతి పెద్దదై కూర్చుంది. బెంగళూరు మెట్రోకు పట్టాల పక్కన మూడో పట్టా నుంచి 750 వోల్టుల డీసీ కరెంటు అందుతుంది. చెన్నై మెట్రోకు పై తీగ నుంచి 25 వేల వోల్టుల ఏసీ. ఎవరి పద్ధతిలో వాళ్లు కడితే ప్రయాణికుడు సరిహద్దులో దిగి మరో రైలెక్కాలి. బెంగళూరు సబర్బన్ రైలు ‘కనక’ మార్గం కూడా ఆనేకల్ తాలూకా హీలలిగె దగ్గరే ఆగేలా ఆమోదం పొందింది. హోసూరు రైల్వేస్టేషన్ అదే పట్టాల మీద ఇంకాస్త ముందుంది!

‘ఖాళీ’ అంటే ఎవరికి ఖాళీ?

ప్లాన్లలో ‘అభివృద్ధి చెందని భూమి’ అని రాసే నేల ఊళ్లో చూస్తే ఖాళీగా ఉండదు. హోసూరు చుట్టూ చల్లటి గాలికి గులాబీలు బాగా పూస్తాయి. ఫిబ్రవరి 14 ప్రేమికుల రోజుకు ఇక్కడి పూలు విదేశాలకు వెళ్తాయి. అముదగొండపల్లిలో ప్రత్యేకంగా పూల పార్కే పెట్టారు. టమాటా, క్యాబేజీ, బీన్స్ రోజూ బెంగళూరు మార్కెట్లకు లారీలెక్కుతాయి. మెట్ట చేలల్లో రాగి, ఉలవ. పోరంబోకులో గొర్రెలు, మేకలు. కన్నడం వైపు దాన్నే గోమాళం అంటారు. సొంత భూమి లేని కుటుంబాలకు ఆ మేత బీడే ఆధారం. పటం గీసేవాళ్ల కళ్లకు అన్నిటికన్నా ముందు ఖాళీగా కనపడేది కూడా అదే.

రెండు వైపులా రైతులు ఇప్పటికే వీధికెక్కారు. 2023లో ఉద్దనపల్లి ప్రాంతంలో సిప్‌కాట్ విస్తరణకు భూములివ్వబోమని నిరసనలు జరిగాయి. దేవనహళ్లి తాలూకా చన్నరాయపట్న హోబళిలో 1,777 ఎకరాల సేకరణ మీద మూడేళ్లకు పైగా పోరాటం సాగింది. చివరికి 2025 జులై 15న కర్ణాటక ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఈ రెండు చోట్లా ప్రశ్న ఒకటే. ఏ భూమి తీసుకోవాలన్నది ముందే ఊరితో మాట్లాడి తేల్చకుండా, నోటిఫికేషన్ ఇచ్చాక మాట్లాడితే ఎలా?

భూమి అమ్ముకోవాలనుకునే రైతూ ఉన్నాడు. అతనిదీ తప్పు కాదు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, అప్పులు. ఇక్కడ కూడా గీత దెబ్బ తగులుతోంది. హద్దుకు అటు పక్క పహణి, ఖాతా, డీసీ కన్వర్షన్. ఇటు పక్క పట్టా, చిట్టా, డీటీసీపీ అప్రూవల్. తమిళనాడులో అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లకు 2016లో మద్రాసు హైకోర్టు అడ్డుకట్ట వేసింది. కర్ణాటకలో 2020లో భూసంస్కరణల చట్టాన్ని సవరించి, వ్యవసాయదారులు కానివాళ్లూ సాగు భూమి కొనొచ్చన్నారు. ఒక పక్క బిగిస్తే రెండో పక్క వదులవుతోంది. పెట్టుబడి ఎటు వదులుగా ఉంటే అటు పారుతుంది. చిన్న ప్లాటు కొనుక్కునే కార్మికుడు రెండు రాష్ట్రాల నిబంధనలూ తెలియక మోసపోయే ప్రమాదం ఎక్కువ.

దారి లేక కాదు

రెండు రాష్ట్రాలు కలిసి ప్లాన్ చేయడం అసాధ్యమేం కాదు. ఢిల్లీ చుట్టూ అదే చేశారు. హరియాణా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ శాసనసభలు తీర్మానాలు చేస్తే, రాజ్యాంగంలోని 252వ అధికరణం కింద పార్లమెంటు 1985లో జాతీయ రాజధాని ప్రాంత ప్రణాళికా మండలి చట్టం చేసింది. పట్టణ ప్రణాళిక రాష్ట్రాల అంశమైనా, రాష్ట్రాలు కోరితే ఉమ్మడి చట్టం వస్తుందనడానికి అదే రుజువు. ఢిల్లీ–మేరఠ్ మధ్య 2023 అక్టోబరులో మొదలైన ‘నమో భారత్’ వేగ రైలును నడిపే సంస్థలో కేంద్రానికి సగం, నాలుగు రాష్ట్రాలకు పన్నెండున్నర శాతం చొప్పున వాటా ఉంది.

ఆ మండలి అన్నీ చక్కబెట్టిందనీ కాదు. ప్లాన్ ఉమ్మడిదైనా అమలు ఎవరి రాష్ట్రంలో వాళ్లదే. ఆరావళి కొండల పక్క కట్టడాలు ఆగలేదు. గాలి కాలుష్యానికి 2021లో వేరే చట్టం, వేరే కమిషన్ తేవాల్సి వచ్చింది. కాగితం మీద కలిసినంత మాత్రాన సరిపోదన్నది అక్కడి పాఠం.

ఒకే రాష్ట్రంలో అయితే పని ఇంకా సులువు. కృష్ణకు అటూ ఇటూ ఉన్న విజయవాడ, గుంటూరు, తెనాలి పట్టణాలకు 1978లోనే ఒకే పట్టణాభివృద్ధి సంస్థ పెట్టారు. 2014లో రాజధాని ప్రాంత సంస్థ వచ్చేదాకా ఉడా అంటే అదే. ఆ ఊళ్ల మధ్య పొలాలకు ఒకే పటం ఉండేది. హోసూరుకు, బెంగళూరుకు అడ్డం ఉన్నదల్లా రాష్ట్రం గీతే.

నిజానికి ఈ గీత మీద ఉమ్మడి పని ఒకటి ఇప్పటికే జరుగుతోంది. బెంగళూరు చుట్టూ ఉపగ్రహ పట్టణాలను కలుపుతూ వేస్తున్న సుమారు 280 కిలోమీటర్ల వలయ రహదారి (ఎస్‌టీఆర్‌ఆర్) దొబ్బస్‌పేట, దొడ్డబళ్లాపుర, హోస్కోటె మీదుగా వచ్చి, హోసూరు పక్కగా తమిళనాడులో 45 కిలోమీటర్ల దాకా నడిచి, మళ్లీ కర్ణాటకలోకి వెళ్తుంది. దొబ్బస్‌పేట నుంచి హోస్కోటె వైపు భాగం 2024 మార్చిలో ప్రారంభమైంది. కేంద్రం మధ్యలో ఉంది కాబట్టి రోడ్డు గీత దాటింది. అయితే రోడ్డు వెంట రెండు వైపులా ఏం రావాలన్నది మాత్రం మళ్లీ ఎవరి ఇష్టం వాళ్లది. రోడ్డు పడిన చోట పొలం నిలవదు. అందుకే రోడ్డు కన్నా ముందు భూమి గురించి తేల్చుకోవాలి.

ముందు చేయాల్సినవి

పెద్ద చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. హోసూరు ప్రాధికారం, బీఎంఆర్‌డీఏ కలిసి ఓ సంయుక్త కమిటీ వేసుకోవచ్చు. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంతో 1956లో ఏర్పడిన దక్షిణ ప్రాంతీయ మండలిలో రెండు రాష్ట్రాలకూ చోటుంది. సరిహద్దు సమస్యలు చర్చించడం దాని పనుల్లో ఒకటి. ఆ కమిటీ ముందు పెట్టాల్సిన పనులు కొన్ని స్పష్టంగానే కనపడుతున్నాయి.

ఒకటి: గీతకు రెండు వైపులా కొన్ని కిలోమీటర్ల మేర ఒకే పటం. అందులో చెరువులు, వాగులు, అలుగు కాల్వలు, ఏనుగుల బాటలు ముందు గీయాలి. ఇళ్లు, ఫ్యాక్టరీలు తర్వాత.

రెండు: గీతకు ఆనుకుని ఒకవైపు ఇళ్లు, రెండో వైపు కాలుష్య పరిశ్రమలు రాకుండా ముందే మాట అనుకోవడం.

మూడు: దక్షిణ పినాకినిలోకి వదిలే మురుగు శుద్ధిపై రెండు ఊళ్లకూ ఒకే ప్రమాణం. ఆ లెక్కలు రెండు వైపుల జనానికీ అందుబాటులో ఉంచడం. బెంగళూరు శుద్ధి నీళ్లను 2018 నుంచి కోలారు చెరువులకు పంపుతున్నారు. ఒక జిల్లాకు చేయగలిగింది పక్క రాష్ట్రం ఊరికి ఎందుకు చేయలేరు?

నాలుగు: మెట్రో, సబర్బన్ రైలు, విమానాశ్రయం.. ఏది వచ్చినా భూమి గుర్తించకముందే రెండో రాష్ట్రానికి చెప్పడం.

అయిదు: గులాబీ, కూరగాయ, రాగి పండే మంచి భూముల్లో కొన్నింటినైనా సాగుకే ఉంచడం. ఉంచమన్నప్పుడు ఆ రైతుకు నీళ్లు, మార్కెట్టు, తగిన ధర చూపించడం. ‘నీ పొలం ఆకుపచ్చ’ అని పటంలో రాసి చేతులు దులుపుకుంటే పక్కవాడికి కోట్లు, ఇతనికి కరువు. అలాంటి ఆకుపచ్చ ఎన్నాళ్లో నిలవదు.

రెండు నెలలే గడువు

ఇందులో సామాన్యుడు చేయగలిగింది లేకపోలేదు. కర్ణాటక చట్టం ప్రకారం మాస్టర్ ప్లాన్ ముసాయిదా ప్రకటించాక జనం అభిప్రాయాలు చెప్పడానికి 60 రోజులు ఇస్తారు. తమిళనాడులోనూ రెండు నెలలకు తగ్గకుండా గడువు ఉంటుంది. ఆ గడువులో రాతపూర్వకంగా ఇచ్చిన అభ్యంతరాన్ని పరిశీలించాలి. గడువు దాటాక ఎంత మొత్తుకున్నా వినేవారుండరు. అప్పుడు మిగిలేది కోర్టు, లేదంటే రోడ్డు.

చిక్కెక్కడ వస్తుందంటే, ముసాయిదా పటాలు, నోటీసులు తమిళం, కన్నడం, ఇంగ్లిష్‌లలోనే ఉంటాయి. తెలుగు బడిలో చదువుకున్న పాతతరం రైతుకు తన సర్వే నంబరు ఏ రంగులో పడిందో చదివి చెప్పేవాళ్లు కావాలి. ఆ పని ఇంట్లో చదువుకున్న పిల్లలు చేయగలరు. తెలుగు సంఘాలూ చేయగలవు. పండగలకు, భాషా దినోత్సవాలకు కలుస్తున్న సంఘాలు ముసాయిదా వచ్చినప్పుడు ఊరూరా ఓ సాయంత్రం కూర్చుంటే చాలు. చూడాల్సినవి నాలుగు: మన పొలం ఏ రంగు? మన చెరువు పటంలో ఉందా? మన ఊరి మీదుగా కొత్త రోడ్డు గీత ఏమైనా ఉందా? మేత బీడుకు ఏ పేరు పెట్టారు?

ఈ సరిహద్దులో తెలుగువాడికి ఓ సౌకర్యం ఉంది. అటు కన్నడంలో, ఇటు తమిళంలో మాట్లాడగలడు. బాగలూరు రైతు సర్జాపుర బంధువుకు ఫోన్ చేసి ‘మీ వైపు ఏం రాశారు?’ అని అడగగలడు. రెండు ప్రభుత్వాలు ఇప్పటిదాకా ఒకరినొకరు అడగని ప్రశ్న అదే. రెండు వైపుల నుంచీ ఒకే అభ్యంతరం, ఒకే వాగు పేరుతో, ఒకే చెరువు పేరుతో అందితే ఏ అధికారైనా గీత అవతలికి ఒకసారి తొంగిచూడక తప్పదు. కట్టేసిన నేలను మళ్లీ చేనుగా మార్చడం ఎవరి తరమూ కాదు. మిగిలిన నేల గురించి మాట్లాడుకోవడానికి మాత్రం ఇంకా సమయం ఉంది.